కొట్టు మనదే, వీధి ఎవరిది?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా వదిన ఒక ప్రశ్న వేసింది. వదిన ఇంట్లోంచే మంగళగిరి చీరలు అమ్ముతుంది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే టైములో డాబా మీద చీరలు ఆరేసి, ఫోన్‌తో ఫోటోలు తీసి, ఒక యాప్‌లో పెడుతుంది. యాప్ పేరు ఎందుకులెండి. "ఏవయ్యా, ఇన్నేళ్ళ నుంచీ కంప్యూటర్లలో పనిచేస్తున్నావు కదా, ఒక సంగతి చెప్పు. నా చీరలు చూస్తామని వాళ్ళంతట వాళ్ళే ఫాలో కొట్టారు. వాళ్ళకి నా ఫోటోలు కనపడాలంటే నేను డబ్బులెందుకు కట్టాలి? ఇంకో దారేం లేదా?" అంది.

ఎందుకోగానీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికో కారణం ఉంది. ఇలాంటి సలహాలు నేను ఇదివరకే రెండు సార్లు ఇచ్చాను. రెండుసార్లూ బోల్తా కొట్టాయి.

మొదటిది 2002లో. అప్పుడే ఉద్యోగంలో చేరిన ఉత్సాహం. తెనాల్లో మా బాబాయికి ఫోటో స్టూడియో ఉండేది. ఉచితంగా హోం పేజీలిచ్చే ఒక సైట్లో బాబాయి స్టూడియోకి పేజీ కట్టాను. నలభై పెళ్ళి ఫోటోలు స్కాన్ చేసి ఎక్కించాను. ఆ చాంతాడంత అడ్రసుని బాబాయి విజిటింగ్ కార్డుల మీద కూడా అచ్చేయించాం. కొన్నాళ్ళకి ఆ సైటు ఎత్తేశారు. కార్డులు మాత్రం ఇంకా మూడు కట్టలు మిగిలాయి. రెండోది 2008లో. ఈసారి బాగా ఆలోచించి, అందరూ ఉండే చోటే ఉందామని, అప్పట్లో మన కుర్రాళ్ళంతా తిరిగే ఒక సైట్లో ఆల్బం పెట్టించాను. అదీ పోయింది. అప్పుడు బాబాయి అన్న మాట ఇంకా గుర్తుంది: "నువ్వు అడ్రసు మార్చినన్ని సార్లు నా స్టూడియో గోడలకి సున్నం కూడా వేయించలేదురా" అని.

అందుకని మూడోసారి నోరు జారే ముందు, అసలు ఈ కథ ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి శుభ్రంగా చదువుకుందాం అనుకున్నాను. ఆ చదువుకున్నదే ఈ టపా. కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని కూర్చోండి :)

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి తెలిసిన సంగతే, కానీ మర్చిపోతూ ఉంటాం. నెట్ పుట్టుకతో ఏ ఒక్కరి సొత్తూ కాదు. 1971లో రే టామ్లిన్సన్ ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మెయిల్ పంపటానికి మనిషి పేరుకీ మెషీన్ పేరుకీ మధ్య @ గుర్తు పెట్టాడు. 1982లో జాన్ పోస్టెల్ ఎస్సెంటీపీ ప్రోటోకాల్ రాశాడు. అప్పటినుంచీ ఇప్పటిదాకా మెయిల్ ఎవరి సర్వర్లో ఉన్నా ఎవరికైనా వెళుతుంది. మీ ఆఫీసు మెయిల్ నుంచి నా జీమెయిల్‌కి ఉత్తరం పంపటానికి మీరు గూగుల్లో ఖాతా తెరవక్కర్లేదు. దీన్నే ఇప్పుడు ఫెడరేషన్ అంటున్నారు.

ఇది మన దేశంలో కూరగాయల బండి అతనికి కూడా తెలుసు, ఆ పేరు తెలియదంతే. 2016లో వచ్చిన యూపీఐ చూడండి. నా డబ్బులు ఒక బ్యాంకులో, అతని డబ్బులు ఇంకో బ్యాంకులో. నేను వాడే యాప్ ఒకటి, అతని గోడ మీద స్టిక్కరు ఇంకో యాప్‌ది. అయినా ఇరవై రూపాయల కొత్తిమీర బేరం తెగిపోతుంది. ఆఖరికి ఆ ఐడీ కూడా మెయిల్ అడ్రసు లాగే పేరు@ఏదో అని ఉంటుంది. ఒక్క తేడా ఏంటంటే యూపీఐకి మధ్యలో ఎన్పీసీఐ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు, మెయిల్‌కి లేడు.

మరి మెయిల్ అందరిదీ అయినప్పుడు ఫోటోలు ఎందుకు కాలేదు? నాకు తోచిన కారణం చాలా మామూలుది: బరువు. ఉత్తరం రెండు కేబీలు, ఫోటో రెండు ఎంబీలు. డయలప్ రోజుల్లో ఫోటోలు దాచుకునే డిస్కూ, వాటిని జనానికి చూపించే బ్యాండ్‌విడ్తూ సొంతంగా కొనుక్కునే స్తోమత చిన్న వ్యాపారికి ఎక్కడిది? "నీ బరువు నేను మోస్తాను, నా చావిట్లో పెట్టుకో" అన్నవాడి దగ్గరికే అందరూ వెళ్ళారు. మా బాబాయీ వెళ్ళాడు, నేనే తీసుకెళ్ళాను.

అలా వచ్చిన చావిళ్ళలో చెప్పుకోదగ్గ పెద్దమనిషి ఫ్లికర్. 2004 ఫిబ్రవరిలో కెనడాలోని వాంకూవర్‌లో స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్, కాటరీనా ఫేక్ మొదలెట్టారు. నిజానికి వాళ్ళు కట్టాలనుకున్నది ఒక ఆట. ఆ ఆట కోసం రాసిన ముక్కల్లోంచి ఫోటోల సైటు పుట్టింది. 2005 మార్చిలో యాహూ కొనేసింది. ఫ్లికర్ ఒకే కంపెనీ చేతిలో ఉన్న సైటే, కానీ దానికి కిటికీలు ఎక్కువ. ప్రతి ఖాతాకీ ఫీడు ఉండేది, ఎవరైనా వాడుకునే ఏపీఐ ఉండేది, ఫోటోకి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు తగిలించుకునే వీలుండేది. నా ఫోటోలు ఫ్లికర్లో ఉన్నా, చూసేవాడు తన ఫీడ్ రీడర్లో చూసుకోవచ్చు. ఖాతాతో పనిలేదు.

అయితే ఇల్లు ఎంత గాలీ వెలుతురూ ఉన్నదైనా అద్దె ఇల్లు అద్దె ఇల్లే. 2013లో యాహూ ప్రతివాడికీ ఒక టెరాబైటు ఉచితం అని చాటింపు వేసింది. 2018 ఏప్రిల్లో ఫ్లికర్ని స్మగ్‌మగ్ కొన్నది. అదే ఏడాది నవంబర్లో ఉచిత ఖాతాలకి వెయ్యి ఫోటోలే పరిమితి అన్నారు. మించినవి దించుకోండి, లేదా డబ్బు కట్టండి. నేను కొత్త యజమానిని తప్పు పట్టను. డిస్కులు ఊరికే రావు, వాళ్ళు ముందుగా చెప్పారు, దించుకునే గడువూ ఇచ్చారు. నేను చెప్పేది ఒకటే. ఐదేళ్ళ కిందటి చాటింపుని నమ్మి వేల ఫోటోలు ఎక్కించినవాడికి, ఆ చాటింపు వేసినవాడు అప్పటికి అక్కడ లేడు.

ఇక అసలు కథానాయకుడు. 2010 అక్టోబరు 6న ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది. కెవిన్ సిస్ట్రోమ్, మైక్ క్రీగర్ అంతకుముందు బర్బ్న్ అనే చెకిన్ యాప్ రాసుకుని, అది నడవట్లేదని దాంట్లోంచి ఫోటోల ముక్క ఒక్కటీ ఉంచి మిగతాదంతా పీకేశారు. (ఎప్పుడైనా ఫీచర్లు పెంచమని మేనేజరు వెంటపడితే ఈ కథ చెప్పండి.) 2012 ఏప్రిల్లో ఫేస్‌బుక్ వందకోట్ల డాలర్లకి బేరం ఆడినప్పుడు కంపెనీలో ఉన్నది పదమూడు మంది, వాడేవాళ్ళు మూడు కోట్ల మంది.

ఆ తర్వాత పదేళ్ళూ ఒక్కొక్క కిటికీ మూసుకుంటూ రావటమే. తారీఖులు వరసగా పెట్టి చూస్తే గానీ నాకూ అర్థం కాలేదు. 2012 డిసెంబర్లో ఇన్‌స్టా ఫోటోలు ట్విట్టర్లో నేరుగా కనపడకుండా ఆపేశారు. లంకె నొక్కి మా ఇంటికే రండి అన్నమాట. (మళ్ళీ తొమ్మిదేళ్ళకి, 2021 నవంబర్లో, తెరిచారు.) 2013 నవంబర్లో ప్రకటనలు మొదలయ్యాయి. 2015 నవంబర్లో ఏపీఐని బాగా బిగిస్తున్నట్టు చెప్పి, 2016 జూన్ నుంచి అమల్లో పెట్టారు. ఫీడ్‌ని తమ సొంత యాప్‌లో చూపించే బయటి యాప్‌లన్నీ దాంతో దుకాణం కట్టేశాయి.

2016 మార్చిలో వచ్చిన మార్పే మా వదిన ప్రశ్నకి మూలం. అప్పటిదాకా ఫోటోలు పెట్టిన వరసలో కనపడేవి. సగటున జనం తమ ఫీడ్‌లో 70 శాతం చూడకుండానే వదిలేస్తున్నారు, కాబట్టి వాళ్ళకి ఏది ఇష్టమో మేమే ముందు పెడతాం అని కంపెనీ ప్రకటించింది. చూసేవాడి వైపు నుంచి ఇది సబబుగానే ఉంది. మనం వెయ్యి మందిని ఫాలో అయి, రోజుకి పదిహేను నిమిషాలు చూస్తే ఎలాగూ అన్నీ చూడలేం. కానీ అమ్మేవాడి వైపు నుంచి చూడండి. అప్పటిదాకా ఫాలోవరు అంటే ఒక ఒప్పందం: "నువ్వు పెట్టు, నేను చూస్తా." ఆ రోజు నుంచి అది ఒక అర్జీ అయ్యింది. అదే ఏడాది మధ్యలో వ్యాపారులకని ప్రత్యేక ఖాతాలూ, పోస్టుని డబ్బు కట్టి ముందుకు తోయించుకునే బటనూ వచ్చాయి. ఇందులో కుట్ర ఏమీ లేదు. ముందు వీధిని పెద్దది చేశారు, జనాన్ని తెచ్చారు, తర్వాత టోల్ గేటు పెట్టారు. వ్యాపారం అంటే అదే. కాకపోతే టోల్ గేటు మన కొట్టుకీ మన ఖాతాదారుకీ మధ్యలో ఉంది.

2020లో ఇంకో కుదుపు. జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లని నిషేధించింది. వారం పది రోజుల్లోనే ఇన్‌స్టా ఇక్కడ రీల్స్ మొదలెట్టింది. నిషేధం తప్పా ఒప్పా అనేది ఈ టపా విషయం కాదు. టిక్‌టాక్ మీదే బోణీ చేసుకుంటున్న చిన్న వ్యాపారుల ఫాలోవర్లు ఏమయ్యారు అనేదే విషయం. ఎవరి తప్పూ లేకుండా, ఒక్క రాత్రిలో, అందరూ సున్నా. ఆ జాబితా పట్టుకుని ఇంకో చోటికి వెళ్ళే దారి లేదు. 2011 జనవరి నుంచి మనం ఫోన్ నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకోగలుగుతున్నాం. ఫాలోవర్లకి అలాంటి పోర్టబిలిటీ ఎవరూ ఇవ్వలేదు.

2021 అక్టోబరు 4 మీకు గుర్తుండే ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ ఒకేసారి పడుకున్నాయి. ఒక మెయింటెనెన్సు కమాండు, దాంతో మాయమైన బీజీపీ రూట్లు. మళ్ళీ లేచేసరికి దాదాపు ఆరు గంటలు పట్టింది. మనకి అది ఒక మంచి పోస్ట్‌మార్టం రిపోర్టు. దసరా నవరాత్రులు ఇంక మూడు రోజులుందనగా, చీరల ఫోటోలు ఒకదాంట్లో, ఆర్డర్లు ఇంకోదాంట్లో పెట్టుకున్న వాళ్ళకి మాత్రం, రెండు గంపలూ ఒకే కోడిపెట్టవని ఆ రాత్రే తెలిసింది.

సరే, ఇది ఒక పాయ. దీనికి సమాంతరంగా ఇంకో పాయ పారుతూనే ఉంది, మన కళ్ళు దాని మీద పడలేదంతే.

2008 జులైలో ఇవాన్ ప్రొడ్రోమూ అనే ఆయన ఐడెంటికా అనే సైటు మొదలెట్టాడు. ట్విట్టర్ లాంటిదే, కానీ దాని కోడు ఎవరైనా తీసుకుని సొంత సర్వర్లో నడుపుకోవచ్చు, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 2010లో న్యూయార్క్ యూనివర్సిటీ కుర్రాళ్ళు నలుగురు డయాస్పోరా అన్నారు. పదివేల డాలర్లు చాలన్నారు, జనం దాదాపు రెండు లక్షలిచ్చారు. ఫేస్‌బుక్ మీద అప్పటికే అంత కోపం ఉంది మరి. కానీ కోపంతో సాఫ్ట్‌వేర్ రాయలేం కదా. సెప్టెంబర్లో కోడు బయటపెట్టగానే జనం దాంట్లో సెక్యూరిటీ కన్నాలు లెక్కపెట్టారు. 2012లో దాన్ని వాలంటీర్ల చేతిలో పెట్టి వ్యవస్థాపకులు పక్కకి జరిగారు.

మన విషయానికి దగ్గరి చుట్టం 2011లో మొదలైన మీడియాగోబ్లిన్. ఫోటోలూ వీడియోలూ ఎవరి సర్వర్లో వాళ్ళు పెట్టుకుని, అందరికీ కనపడేలా చెయ్యాలన్నది ఊహ. ఇప్పుడు పిక్సెల్‌ఫెడ్ చేస్తున్నది అదే! కానీ సర్వర్ల మధ్య మాటలు కలిపే పని పూర్తయ్యేలోపే ఊపు తగ్గిపోయింది. అయితే ఊరికే పోలేదు. దాన్ని కట్టిన క్రిస్టీన్ లెమ్మర్-వెబర్, అందరికీ పనికొచ్చే ప్రోటోకాల్ ఒకటి ఉంటే గానీ ఇది తెగదని, డబ్ల్యూత్రీసీ కమిటీలో కూర్చున్నారు. 2014లో మొదలైన ఆ కమిటీ పని 2018 జనవరి 23న యాక్టివిటీపబ్ అన్న ప్రమాణంగా బయటికొచ్చింది. ఐడెంటికా ఇవాన్ కూడా దాని రచయితల్లో ఒకరు. పడిపోయిన రెండు ఇళ్ళ ఇటుకలతోనే మూడోది లేచిందన్నమాట.

ఆ యాక్టివిటీపబ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. ప్రతి ఖాతాకీ ఒక ఇన్‌బాక్సు, ఒక అవుట్‌బాక్సు ఉంటాయి, రెండూ మామూలు వెబ్ అడ్రసులే. వదిన ఒక ఫోటో పెడితే, ఆవిడ సర్వరు ఒక జేసాన్ ముక్క తయారుచేసి, సంతకం పెట్టి, ఆవిడని ఫాలో అయ్యేవాళ్ళు ఏయే సర్వర్లలో ఉన్నారో ఆయా ఇన్‌బాక్సుల్లో పడేస్తుంది. మన తపాలా ఆఫీసుల మధ్య సంచీలు తిరిగినట్టే. మధ్యలో ఏది ముందు చూపించాలో తేల్చే అధికారి లేడు. చూసేవాడి సర్వరు వచ్చిన వరసలో చూపిస్తుంది. ఇంకో సంగతి, అటువైపు ఉన్నది ఇదే సాఫ్ట్‌వేర్ కానక్కర్లేదు. పిక్సెల్‌ఫెడ్‌లో పెట్టిన చీర ఫోటోని మాస్టొడాన్‌లో ఉన్నవాడు ఫాలో అవ్వొచ్చు, కామెంటొచ్చు.

మాస్టొడాన్‌ని జర్మనీలో యూగెన్ రోచ్కో 2016 అక్టోబర్లో విడుదల చేశాడు, 2017లో యాక్టివిటీపబ్‌కి మార్చాడు. 2018లో కెనడా నుంచి డేనియల్ సూపర్నాల్ట్ పిక్సెల్‌ఫెడ్ మొదలెట్టాడు. పీహెచ్‌పీ, లారావెల్, ఏజీపీఎల్ లైసెన్సు. ప్రకటనలు లేవు. చూట్టానికి అచ్చం పాత ఇన్‌స్టా: చతురస్రాలు, ఫిల్టర్లు, పెట్టిన వరసలో ఫోటోలు. చాలా ఏళ్ళ పాటు దాదాపు ఒంటిచేత్తో నడిపించాడు. ఇది మెచ్చుకోవాల్సిన సంగతీ, భయపడాల్సిన సంగతీ కూడా.

2022 అక్టోబరు చివర్లో ఎలాన్ మస్క్ ట్విట్టర్ని కొన్నాక జనం మాస్టొడాన్ మీద పడ్డారు. 2023 జులైలో మెటా వాళ్ళే థ్రెడ్స్ తెచ్చి, మేమూ యాక్టివిటీపబ్ మాట్లాడతాం అన్నారు. 2024 మార్చిలో కొన్ని దేశాల్లో మొదలెట్టారు కూడా. అప్పుడు పాత కాపులు చాలామంది సంబరపడలేదు, తలుపులు వేసుకున్నారు. ఎందుకంటే వాళ్ళకి గూగుల్ టాక్ గుర్తుంది. 2006 జనవరిలో గూగుల్ టాక్ తన సర్వర్లని ఎక్స్ఎంపీపీ ప్రోటోకాల్‌తో బయటివాళ్ళకి తెరిచింది. ఏ జాబర్ సర్వర్లో ఉన్నా జీటాక్‌లో ఉన్న ఫ్రెండ్‌తో చాట్ చెయ్యొచ్చు. అందరూ ఆనందించారు, ఎక్కువ మంది గూగుల్ వైపే చేరారు. 2013 మేలో హ్యాంగౌట్స్ వస్తూ ఆ తలుపు మూసేసింది. బయట మిగిలినవాళ్ళకి ప్రోటోకాల్ ఉంది, మాట్లాడటానికి మనుషులు లేరు. ప్రోటోకాల్ ఎవరిదీ కాకపోవచ్చు గానీ, జనమంతా ఒకడి ఇంట్లో ఉంటే ఆ వీధి వాడిదే.

2025 జనవరిలో పిక్సెల్‌ఫెడ్‌కి టైమొచ్చింది. 7వ తేదీన మెటా అమెరికాలో ఫ్యాక్ట్ చెకింగ్ ఎత్తేస్తున్నట్టు చెప్పాక చాలామంది వేరే దారి వెతికారు. సరిగ్గా అప్పుడే ఫేస్‌బుక్‌లో పిక్సెల్‌ఫెడ్ లంకెలు పెడితే స్పామ్ అంటూ తీసేస్తున్నారని వార్తలొచ్చాయి. అది పొరపాటున జరిగిందని మెటా చెప్పింది. పొరపాటే అనుకుందాం. మన సొంత కొట్టు అడ్రసు మన ఖాతాదారులకి చెప్పటానికి కూడా వీధి యజమాని పొరపాట్ల మీద ఆధారపడ్డాం అన్నది మాత్రం పొరపాటు కాదు. అదే నెలలో పిక్సెల్‌ఫెడ్ అధికారిక మొబైల్ యాప్‌లు వచ్చాయి. సర్వర్లు ఆ తాకిడికి ఆపసోపాలు పడ్డాయి.

ఇక్కడితో ఆపేస్తే ఇది ప్రచారం అవుతుంది. రెండో వైపు కూడా చెప్పాలి.

నేను చదివి ఊరుకోలేదు. ఒక శనివారం చిన్న వీపీఎస్ తీసుకుని పిక్సెల్‌ఫెడ్ ఎక్కించాను. డేటాబేసు, రెడిస్, ఇమేజ్ లైబ్రరీలు, సర్టిఫికెట్టు.. సాయంత్రానికి లేచింది. వదిన చీర ఫోటో ఒకటి పెట్టాను. నా సర్వర్లో బ్రహ్మాండంగా కనపడుతోంది, మాస్టొడాన్‌లో ఉన్న ఫ్రెండుకి మాత్రం రావట్లేదు. రెండు గంటలు లాగులు చదివాక తెలిసింది, క్యూ వర్కరు నడపటం మర్చిపోయానని. నవ్వుకోండి పర్లేదు. కానీ పదిహేనేళ్ళకి పైగా సర్వర్లతో కాపురం చేసినవాడికే ఇలా ఉంటే, చీరలు అమ్ముకునే మనిషికి ఇది ఇచ్చి "స్వాతంత్ర్యం, తీసుకో" అనటం ఎగతాళి కాదూ?

పోనీ ఇంకొకరి సర్వర్లో ఉంటే? అది పెద్ద యజమానిని వదిలి చిన్న యజమాని దగ్గర చేరటం. 2022 అక్టోబర్లో మాస్టొడాన్.టెక్నాలజీ అనే సర్వరు నడిపే ఆయన, ఇంట్లో పరిస్థితుల వల్ల ఇక నడపలేనని, మూసేస్తున్నట్టు ప్రకటించాడు. ఆయన్ని అనటానికేమీ లేదు. ముందుగా చెప్పాడు, ఫాలోవర్లని తీసుకెళ్ళటానికి గడువిచ్చాడు. మాస్టొడాన్‌లో ఖాతా మారిస్తే ఫాలోవర్లు వెంట వస్తారు, ఇది టిక్‌టాక్‌లో దొరకనిది. పాత పోస్టులు మాత్రం రావు. ఇక భద్రత. 2025 మార్చిలో పిక్సెల్‌ఫెడ్‌లో ఒక లోపం బయటపడింది. వేరే సర్వర్లలో తాళం వేసుకున్న ఖాతాల ప్రైవేటు పోస్టులు, పిక్సెల్‌ఫెడ్ వాళ్ళకి అనుమతి లేకుండానే కనపడేవి. సరిచేశారు. కానీ ఫెడరేషన్‌లో నా గుట్టు నా సర్వరు చేతిలోనే కాదు, ఎదుటి సర్వరు మర్యాద మీద కూడా ఆధారపడుతుంది. డిలీట్ కూడా అంతే. "తీసేయండి" అని కబురు వెళుతుంది, తీస్తారో లేదో వాళ్ళిష్టం.

అన్నిటికంటే పెద్ద చిక్కు, కొనేవాళ్ళు అక్కడ లేరు. మా గుంటూరు పక్క పెళ్ళి చీరలు కొనే ఆడవాళ్ళు ఎంతమంది పిక్సెల్‌ఫెడ్‌లో ఉన్నారో నా వేళ్ళు చాలు లెక్కపెట్టటానికి. పైగా అందులో ధర పెట్టి అమ్మే బల్లా, చెల్లింపూ ఏమీ లేవు. అది చూపించే అద్దాల బీరువా, అంతే. మన దేశంలో అమ్మకం వైపు ఇలాంటి ప్రయత్నమే వేరేగా నడుస్తోంది. ఓఎన్డీసీ, బెకెన్ ప్రోటోకాల్ మీద కట్టింది, 2022 ఏప్రిల్లో ఐదు ఊళ్ళలో మొదలైంది. అమ్మేవాడు ఒక యాప్‌లో, కొనేవాడు ఇంకో యాప్‌లో ఉండి బేరం చేసుకోవచ్చన్నది ఊహ. బీరువా ఒక ప్రోటోకాలు, గల్లాపెట్టె ఇంకో ప్రోటోకాలు. రెంటినీ కలిపిన కొట్టు ఇంకా నా కంటపడలేదు. మీలో ఎవరైనా కడితే మొదటి ఖాతాదారుని నేను తెస్తాను, మా వదినే.

ఇంతా చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, నేను రెండుసార్లూ బాబాయికి తప్పు సైటు చెప్పలేదు. తప్పు ప్రశ్నకి జవాబు చెప్పాను. "ఏ సైట్లో పెడదాం" అని ఆలోచించాను, "సైటు పోతే ఏం మిగులుతుంది" అని ఆలోచించలేదు. బాబాయి దగ్గర ఆ నలభై పెళ్ళిళ్ళ నెగెటివులు ఇనప బీరువాలో ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అవీ పోయేవి. నా స్కాన్లు ఉన్న సీడీ ఎక్కడుందో నాకే తెలియదు.

అందుకని వదినకి ఫోన్ చేసి చెప్పిన సలహా ఇది. ఒకటి, సొంత డొమైను కొను. ఏడాదికి వెయ్యి రూపాయల చిల్లర. కార్డు మీదా, చీర పెట్టే సంచీ మీదా అదే అడ్రసు వెయ్యి. దాని వెనక ఏ సైటు ఉందో ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. రెండు, ఫోటోల అసలు ఫైళ్ళు చీర నంబరుతో సహా ఇంట్లో హార్డ్ డిస్కులో ఉంచు. మూడు, కొన్నవాళ్ళ ఫోన్ నంబర్లు, వాళ్ళని అడిగి, ఒక నోటుపుస్తకంలో రాసుకో. అదే నీ అసలు ఫాలోవర్ల జాబితా, దానికి ఏ అల్గారిథమూ అడ్డు రాదు. నాలుగు, పిక్సెల్‌ఫెడ్‌లో ఒక ఖాతా నేను పెట్టి చూసుకుంటాను, అక్కడ పెట్టిన ఫోటో నీ సైట్లో కూడా కనపడుతుంది. ఐదు, ఇప్పుడున్న యాప్‌ని మాత్రం వదలకు. జనం అక్కడే ఉన్నారు.

"ఇంతా చెప్పి మళ్ళీ అక్కడే ఉండమంటావేంటి?" అంది.

"సంతకి వెళ్ళొద్దనటం లేదు వదినా. సరుకు తీసుకెళ్ళండి, అమ్ముకోండి, సాయంత్రానికి ఇంటికి వచ్చెయ్యండి. సంతలో కాపురం పెట్టొద్దంటున్నాను."

"మీ అన్నయ్య కంటే నువ్వే నయం, కనీసం అర్థమయ్యేట్టు చెప్తావు" అంది. (అన్నయ్య ఈ టపా చదవడు, ధైర్యంగా రాస్తున్నాను.)

ఫలితం కూడా చెప్పాలి కదా, దాచను. ఐదు నెలల్లో పిక్సెల్‌ఫెడ్‌లో వదినకి 73 మంది ఫాలోవర్లు వచ్చారు. అందులో చీర కొన్నది ఒక్కరే, బెర్లిన్‌లో ఉన్న మన తెలుగావిడ. మిగతావాళ్ళు ఎక్కువగా నేతా, రంగులూ అంటే ఇష్టమున్నవాళ్ళు, నిజాం బోర్డర్ ఎలా నేస్తారో అడుగుతుంటారు. వదిన ఓపిగ్గా చెప్తుంది, నేను ఇంగ్లీషులో పెడతాను. వ్యాపారం లెక్కలో ఇది సున్నా కిందే లెక్క. కానీ 73 మందికి ఫోటో పెడితే 73 మందికీ వెళుతోంది. నోటుపుస్తకంలో నంబర్లు మాత్రం రెండొందలు దాటాయి. ఆషాఢంలో చీరలు పోయింది ఆ నోటుపుస్తకం వల్లే.

మొన్న బాబాయి కొత్త విజిటింగ్ కార్డు అచ్చేయించుకుందామని ఫోన్ చేశాడు. స్టూడియో ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. వాడికీ ఒక డొమైను కొన్నాం. కార్డు ప్రూఫు చూసి బాబాయి ఒకటే అడిగాడు: "ఒరేయ్, ఈసారన్నా అడ్రసు మారదు కదా?"

"రెన్యువల్ మర్చిపోకపోతే మారదు బాబాయ్" అన్నాను. ఫోన్ పెట్టేసి ముందు చేసిన పని, క్యాలెండర్లో రిమైండరు పెట్టుకోవటం. మీకూ ఇలాంటి బాబాయిలూ వదినలూ ఉండే ఉంటారు. వాళ్ళకి మీరేం సలహా ఇచ్చారో, అది నిలబడిందో బోల్తా కొట్టిందో చెప్పండి. బోల్తా కొట్టినవే ముందు చెప్పండి, నాకు తోడుంటుంది :)